బొట్టు పెట్టుకున్న రాక్షసుడు

నేను ఒక రాక్షసుణ్ణి. కంగారు పడకండి. ఇంతవరకు నన్ను చూసి కంగారుపడినవాళ్ళు ఎవరూ లేరు, ఇప్పుడు మీరు కొత్తగా మొదలుపెట్టనక్కర్లేదు. నా ఒళ్ళు లారీ ట్యూబుల రబ్బరు, వీపు ఒక పాత పరుపు, జుట్టు కొబ్బరిపీచు. కోరలు మాత్రం నిఖార్సయిన గేదెకొమ్ము. శూన్యలోకం నుంచి భూగోళాన్ని నాశనం చెయ్యడానికి దిగివచ్చానని పోస్టర్ల మీద రాశారు గానీ, నేను దిగివచ్చింది మద్రాసులో ఒక రేకుల షెడ్డులోంచి. నాశనం చేసింది కూడా ఒక్కటే, ఒక పెద్దమనిషి రాసిన నాలుగు పేజీల కథ.

ముందు ఆ కథ సంగతి చెప్పాలి. ఎందుకంటే అందులో నేను లేను.

భీమిలి తంతి ఆఫీసులో, అదే టెలిగ్రాఫు ఆఫీసులో, ఓలేటి సోమనాథంగారని ఒక గుమాస్తా ఉండేవారు. సన్నగా, ఎప్పుడూ మెడకి మఫ్లరు చుట్టుకుని, ఎదుటివాళ్ళ మాట కంటే గోడ అవతల చప్పుడు ఎక్కువగా వినే రకం. ఆయన జీవితం మొత్తంలో ఒకే ఒక్క కథ రాశారు. పేరు ‘తంతి మీద ఎవరో’. పెద్ద తుపాను వచ్చి తీగలన్నీ తెగిపోతాయి. అయినా తంతి ఆఫీసులో యంత్రం టకటకా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆకాశంలో ఎక్కడినుంచో వచ్చిన ఏదో ఒకటి ఆ భాష నేర్చుకుని, చనిపోయినవాళ్ళ తీరులో బతికున్నవాళ్ళని పిలుస్తూ ఉంటుంది. బదులు పలికినవాళ్ళు మర్నాటికి ఉండరు. అది ఎలా ఉంటుందో కథలో ఎవరూ చూడరు. చివరి వాక్యం దాకా చూడరు. వారపత్రికలో అది చదివినవాళ్ళు తలుపు గడియ వేశామో లేదో రెండోసారి వెళ్ళి చూసుకున్నారట. నా సినిమా చూసినవాళ్ళు ఇంటికి వెళ్ళి హాయిగా భోంచేశారు. కథకీ నాకూ ఉన్న తేడా ఇంతే.

మానేపల్లి గోవర్ధనం అని, అప్పటికి ఇద్దరు ముగ్గురు దర్శకుల దగ్గర సహాయకుడిగా చేసిన కుర్ర దర్శకుడు ఆ కథ పట్టుకుని భీమిలి వెళ్ళాడు. సోమనాథంగారు ఒక్క షరతు పెట్టారు.

“అది తెర మీద కనపడకూడదయ్యా. ఎక్కడా. నీడ కూడా పడకూడదు.”

గోవర్ధనం ఆయన చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాడు. ఆ చెయ్యి వేసినప్పుడు అతను నిజమే చెప్పాడని నేను నమ్ముతాను. సినిమావాళ్ళు మాట ఇచ్చేటప్పుడు ఎప్పుడూ నిజమే చెబుతారు. 

అసలు సినిమాలో తంతి చప్పుడు కావాలి కదా. దాన్ని కొట్టడానికి సోమనాథంగారినే మద్రాసు పిలిపించారు. ఆయన సెలవు పెట్టి వచ్చి, రికార్డింగు గదిలో ఒక్కరే కూర్చుని, సినిమాకి కావలసిన పిలుపులన్నీ కొట్టి ఇచ్చారు. బయటికి వచ్చాక క్యాంటీనులో కాఫీ తాగుతుంటే పక్క బల్ల దగ్గరివాడు అన్నాడట, “శూన్యలోక భూతం అదిరిపోతోందిటగా, ధనకోటి షెడ్డులో” అని. ఆయన కాఫీ సగంలో వదిలేసి నేరుగా నా దగ్గరికి వచ్చారు.

అప్పటికి నాకు తల, ఎడమ చెయ్యి మాత్రమే ఉన్నాయి. మిగతా నేను నేల మీద ముక్కలుగా పడివున్నాను. ధనకోటి నన్ను తయారుచేసినవాడు, తరవాత నన్ను తొడుక్కున్నవాడు కూడా అతనే. నాటకాలకి ముఖాలు చేసే వంశంవాడు. చేతిలో కత్తితో నా ముక్కు చెక్కుతున్నాడు.

“ఇదేవిటండీ?” అన్నారు సోమనాథంగారు గుమ్మంలో నిలబడి.

“భూతం సార్. మీ కథలోదే.”

“నా కథలో భూతం లేదండీ.”

“ఉంది సార్. ప్రొడ్యూసర్ చెప్పినారు.”

సోమనాథంగారు అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయారు. చాలాసేపు నన్నే చూశారు. నా జీవితంలో నన్ను అంత శ్రద్ధగా చూసిన మనిషి ఇంకొకరు లేరు. ఆయన కళ్ళలో భయం కనపడుతుందేమోనని ఆశపడ్డాను కూడా. అది అసహ్యం అని తెలియడానికి నాకు కొంత సమయం పట్టింది. కొత్తగా పుట్టినవాణ్ణి కదా.

తరవాత ఆయన మెల్లగా చెప్పారు. తీరంలో ఇంకో చిన్న ఊళ్ళో సుందరశివరావు అని తంతి గుమాస్తా ఉండేవాడు, ఈయనకి ‘శివుడు’. పదకొండేళ్ళు ఇద్దరూ తీగ మీదే మాట్లాడుకున్నారు. పెళ్ళి కబురు, కొడుకు పుట్టిన కబురు, వంకాయకూర మాడిపోయిన కబురు, అన్నీ టకటకల్లోనే. ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడలేదు. తంతి కొట్టడంలో ఎవరి చెయ్యి వాళ్ళది, గొంతుని బట్టి మనిషిని పట్టినట్టే పట్టేయవచ్చు. సుందరశివరావు పిలిచేముందు రెండు దెబ్బలు కొట్టి, కాస్త ఆగి, అప్పుడు మొదలుపెట్టేవాడు. తుపానులో ఆ ఊరు ఊరంతా కొట్టుకుపోయింది. మర్నాడు మధ్యాహ్నం, తీగలన్నీ తెగి నేల మీద పడివుండగా, సోమనాథంగారి బల్ల మీద యంత్రం రెండు దెబ్బలు కొట్టుకుంది. కాస్త ఆగింది. ‘ఉన్నావా?’ అంది.

“వాడి చెయ్యే అండీ. నేను పొరపడను. నాకు భయం వేసింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. మూడుసార్లు పిలిచాడు. పలకలేదు.” మఫ్లరు కొసతో ముఖం తుడుచుకున్నారు. “వాణ్ణి నేను చూడలేదు. అందుకే కథలో ఎవరూ చూడరు. ఇప్పుడు దీన్ని చూపిస్తే, మా శివుడికి ఈ ముఖం అంటుకుంటుంది.”

ధనకోటి కత్తి కింద పెట్టేశాడు. నా ముక్కు సగంలో ఉండిపోయింది. ఇవాళ్టికీ అది ఒకవైపు వంకరే.

అంతలో నిర్మాత కొల్లా వీరరాఘవయ్యగారు, వెనకాలే గోవర్ధనం వచ్చారు. వీరరాఘవయ్యగారు తెనాలివైపు మనిషి. మంచివాడే. ఆయనకి రెండు భయాలు, ఒకటి దేవుడు, రెండు ప్రేక్షకుడు.

“కనపడనిదాన్ని చూట్టానికి జనం ఎందుకొస్తారయ్యా? ఇంట్లో కూచుంటే కనపడకుండానే ఉంటదిగా?” అన్నారాయన. ఆ వాదనలో లోపం ఎక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

“గోవర్ధనం, మాట ఇచ్చావు” అన్నారు సోమనాథంగారు.

గోవర్ధనం తల దించుకుని, “రెండే రెండు షాట్లండీ” అన్నాడు.

ఆ రెండు షాట్లు చివరికి పదకొండు నిమిషాలయ్యాయి.

ఇక ముహూర్తం, సముద్రం ఒడ్డున. మన సినిమాల్లో మొదటి షాటు తీసేముందు పూజ చేసి, పనిముట్లన్నిటికీ పసుపు కుంకుమలు పెడతారు. నన్ను తొడుక్కోవడానికి రెండు గంటలు పడుతుంది కాబట్టి ధనకోటి పొద్దున్నే నాలోకి దూరి ఒక పక్కన కూర్చున్నాడు. కుంకుమ పళ్ళెం పట్టుకున్న అసిస్టెంటు ఒక వరసలో వస్తున్నాడు. కెమెరాకి పెట్టాడు, ట్రాలీకి పెట్టాడు, లైట్లకి పెట్టాడు, క్లాపు బోర్డుకి పెట్టాడు, మంచినీళ్ళ కుండకి పెట్టాడు, అదే ఊపులో నాకూ పెట్టేశాడు. నుదుటి నడిమధ్య, నిండుగా, తీర్చి దిద్దినట్టు పెట్టాడు. లోపల ధనకోటికి తెలియదు. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు తొందరపెట్టడంతో బయట ఉన్నవాళ్ళకి చూసే తీరిక లేదు. నేను ఇసకలోంచి లేచి రెండు చేతులు చాచి గర్జించాను. అందరూ చప్పట్లు కొట్టారు.

నాలుగు రోజులకి ఫిల్ము కడిగి వేసి చూస్తే, నలుపు తెలుపు సినిమా కదా, బూడిదరంగు నుదుటి మీద నల్లగా, గుండ్రంగా, అర్ధరూపాయంత బొట్టు. విశ్వాంతరాళాలు దాటి వచ్చిన భీకర జీవిని ముత్తయిదువు బొట్టు పెట్టి సాగనంపినట్టు ఉన్నాను.

“మళ్ళీ తీద్దామండీ” అన్నాడు గోవర్ధనం.

వీరరాఘవయ్యగారు చెవులు మూసుకున్నారు. “ముహూర్తం షాటు పారేస్తావా? ఇంకేమన్నా ఉందా? సినిమా మొత్తాన్ని పారేసినట్టే! అది ఉండాల్సిందే.”

అది ఉండాలంటే మిగతా షాట్లలో కూడా బొట్టు ఉండాలి. లేకపోతే ఇద్దరు రాక్షసులనుకుంటారు. కాబట్టి రోజూ పొద్దున్నే కొలత చూసి మరీ నాకు బొట్టు పెట్టారు. నేను ఊళ్ళు తగలబెట్టాను, శాస్త్రవేత్తని ఎత్తి సముద్రంలో పారేశాను, అన్నీ శుభప్రదంగా. కథానాయిక పక్కన మాత్రం ఒక్క షాటులో కూడా లేను. రబ్బరు వాసనకి ఆవిడ ఆగకుండా తుమ్మేది. అందుకని ఆవిడ తలుపు వైపు చూసి కేక పెట్టడం ఒకరోజు, నేను తలుపు దగ్గర నిలబడటం మరో రోజు తీశారు.

ప్రివ్యూకి సోమనాథంగారు వచ్చారు. గోవర్ధనం నా గొడవ లేని చోట్ల సినిమాని ఎంతో చక్కగా తీశాడని అందరూ చెప్పారు. ఖాళీ ఆఫీసు, ఊగే దీపం, ఆ టకటకలు. మొదటి అరగంట ఎవరూ కదల్లేదట. అప్పుడు నేను వచ్చాను. వెనక వరసలో ఎవరో ముక్కులోంచి నవ్వారు. సోమనాథంగారు లేచి, గుమ్మం దాకా వెళ్ళి, గోవర్ధనంతో ఒక్క మాట అన్నారు.

“మా శివుడికి కోరలు పెట్టావయ్యా.”

ఆ తరవాత ఎన్నో ఏళ్ళు ఆయన సినిమాహాలు గుమ్మం తొక్కలేదు. ఇంకో కథ రాయలేదు. గోవర్ధనం ఆయనకి రాసిన ఉత్తరాలకి జవాబు రాలేదని విన్నాను. నా గురించి నేను ఎంతైనా నవ్వుకోగలను గానీ, ఆ మాట తలుచుకుంటే మాత్రం నాకు నవ్వు రాదు.

సినిమా పట్నాల్లో పట్టుమని వారం ఆడలేదు. మూడు ప్రింట్లలో రెండు ఏమయ్యాయో తెలియదు. మూడోది శ్రీకాకుళం వైపు ఒక డేరా టాకీసుకి చేరింది. ప్రింటుతోపాటు ప్రచారానికని నన్నూ పంపారు. డేరా గుమ్మం దగ్గర ఒక గుంజకి కట్టి నిలబెట్టారు.

అక్కడ నాకు జరిగింది వింటే మీరు నమ్మరు. మొదటి ఆటలో నేను సముద్రం ఒడ్డున ఇసకలోంచి లేవగానే హాలంతా నిశ్శబ్దమైపోయింది. హమ్మయ్య, ఇన్నాళ్ళకి భయపడ్డారనుకున్నాను. చూస్తే, ముందు వరసలో కూర్చున్న మత్స్యకారుల ఆడవాళ్ళు లేచి దండం పెడుతున్నారు. పెద్ద కళ్ళు, కోరలు, సముద్రపు ఒడ్డు, పైగా నుదుటిన బొట్టు. పోతురాజు కాక మరెవరు? మర్నాటికి గుంజ దగ్గర నా కాళ్ళకి పసుపు రాసి ఉంది. మూడో రోజుకి మెళ్ళో నిమ్మకాయల దండ పడింది. ఒక రాక్షసుడికి ఇంతకంటే అవమానం ఏముంటుంది చెప్పండి? అయినా కొబ్బరికాయ కొట్టిన రోజున కొంచెం గర్వంగానే అనిపించింది, దాచను.

ఆ డేరాలో పొట్నూరు సూర్రావు అని ఆపరేటరు ఉండేవాడు. లావుపాటి మనిషి, మెత్తటి మనసు. ఒకరోజు ఒకావిడ చంటిపిల్లని చంకన వేసుకుని వచ్చింది.

“బావూ, మా గుంట నిద్దట్లో ఉలికిపడి లెగుస్తంది. ఆ పోతురాజుబాబు బొమ్మ ఒక్కటియ్యి, తలగడ కింద ఎట్టుకుంతాను.”

సూర్రావు రీలు తీసి, కత్తెరతో నా బొమ్మలు నాలుగు కత్తిరించి ఆవిడ చేతిలో పెట్టాడు. “తీసుకెల్లమ్మా. నాలుగు బొమ్మలు పోతే సినిమాకేటవుతాది?” అన్నాడు.

పిల్ల హాయిగా నిద్రపోయిందట. అంతే, ఊరూరా పాకింది. వేటకి వెళ్ళే పడవకి ఒక ముక్క, పురిటికి వెళ్ళే కూతురికి ఒక ముక్క, కొత్తగా కొన్న గేదె మెడలో తాయెత్తుకి ఒక ముక్క. సూర్రావు ఎవరికీ లేదనలేదు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. సెకనుకి ఇరవైనాలుగు బొమ్మల చొప్పున పదకొండు నిమిషాల నేను, పదిహేను వేల పైచిలుకు ముక్కలు. డేరా తిరిగిన తొమ్మిదేళ్ళలో ఇంచుమించు ప్రతి గడపకీ ఒక ముక్కనై వెళ్ళిపోయాను. భూమిని ఆక్రమించడానికి వచ్చినవాణ్ణి తలగడల కిందా, తాయెత్తుల్లోనూ స్థిరపడ్డాను.

డేరా మూతపడ్డాక సూర్రావు రీళ్ళ పెట్టెనీ, నన్నూ ఇంటికి తీసుకుపోయాడు. అతను ఇల్లు కట్టుకుంటున్నప్పుడు దిష్టిబొమ్మగా నన్ను పిట్టగోడకి వేలాడదీశాడు. నా వృత్తికి సరిపోయిన ఉద్యోగం అదొక్కటే. అక్కడ కూడా కాకులు నా నెత్తి మీద గూడు కట్టాయి. తరవాత చాలా ఏళ్ళు అటక మీద, రీళ్ళ పెట్టె పక్కనే పడుకున్నాను.

అలా యాభై ఏళ్ళు గడిచాయి. విశాఖపట్నం నుంచి హిమజ అనే అమ్మాయి వచ్చింది. పాత సినిమాలు వెతికి బాగుచేయించి చూపించే సంఘం ఒకటి నడుపుతోంది. సూర్రావు కొడుకు అటక మీంచి పెట్టెతో పాటు నన్నూ దింపి ఇచ్చాడు. రీళ్ళు శుభ్రం చేయించి చూసుకున్నాక ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. కథ రాసిన పెద్దాయన ఇంకా భీమిలిలోనే ఉన్నారని తెలుసుకుని ఫోను చేసింది. నేను ఆ అమ్మాయి బల్ల మీదే ఉన్నాను, అంతా విన్నాను.

“తాతగారూ, మీ సినిమా దొరికిందండీ. కానీ ఒక చేదు కబురు. రాక్షసుడున్న ముక్కలన్నీ ఎవరో కత్తిరించేశారు. ఒక్కటి కూడా మిగల్లేదు. ఎంత వెతికించినా దొరకలేదండీ, క్షమించండి.”

అటునుంచి సన్నటి గొంతు, “ఎన్ని గంటలకమ్మా ఆట?” అంది.

ఆదివారం మధ్యాహ్నం ఆట. హాలు నిండింది, అందరూ చదువుకుంటున్న వయసువాళ్ళే. సరదాగా ఉంటుందని నన్ను మొదటి వరసలో ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. సోమనాథంగారు మఫ్లరు చుట్టుకుని, హిమజ చెయ్యి పట్టుకుని వచ్చారు. ఎనభై నాలుగేళ్ళు. చూపు దాదాపు పోయింది, వెలుగూ నీడా తప్ప తెలియడం లేదట. ఆమె ఆయన్ని తెచ్చి నా పక్క కుర్చీలోనే కూర్చోబెట్టి, అటుపక్క తను కూర్చుంది. పక్కన ఎవరున్నారో ఆయనకి తెలియదు. నేను బిగుసుకుపోయాను, అంటే మామూలుగా ఉన్నట్టే ఉన్నాను.

సినిమా మొదలైంది. ఖాళీ ఆఫీసు. ఊగే దీపం. కాసేపటికి పెద్దాయన హిమజ వైపు వంగారు.

“వచ్చిందామ్మా?”

“ఏదండీ?”

“ఆ బొట్టు భూతం.”

“లేదండీ. రాదండీ.”

ఆయన నమ్మలేదు. పది నిమిషాలకోసారి అడుగుతూనే ఉన్నారు. తెర మీద కథానాయిక తలుపు వైపు చూసి కేక పెట్టింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. తెరిచిన తలుపు, అవతల చీకటి, అంతే. హాలులో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. శాస్త్రవేత్త సముద్రం వైపు చూస్తూ వెనక్కి వెనక్కి నడిచాడు. సముద్రం మీద ఏమీ లేదు. వెనక వరసలో ఒకమ్మాయి పక్కవాడి చెయ్యి పట్టుకుంది. ఒకడు చెవులు మూసుకున్నాడు. జనం భయపడుతున్నారండీ! యాభై ఏళ్ళు ఆశపడిన భయం, నా కళ్ళముందే, నేను లేకుండా. నా నటన అంతటిలోకీ గొప్పది ఇదే అని ఒప్పుకోక తప్పలేదు.

“వచ్చిందా?” అని ఇంకోసారి అడిగారు ఆయన.

“రాలేదు తాతగారూ. అయిపోవస్తోంది. ఎక్కడా రాలేదు.”

సోమనాథంగారు వెనక్కి వాలి, మఫ్లరు వదులు చేసుకున్నారు. తెర నల్లబడింది. చివరి పిలుపు వచ్చింది. రెండు దెబ్బలు. కాస్త ఆగింది. ఉన్నావా?

కుర్చీ చెయ్యి అనుకుని ఆయన నా చేతి మీద చెయ్యి వేశారు. ఆ చేతి చూపుడువేలు నా రబ్బరు మీద టకటకా కొట్టడం మొదలుపెట్టింది. తెర మీద రెండోసారి పిలుపు వచ్చింది, మూడోసారి వచ్చింది, ఆగిపోయింది. ఆయన వేలు ఆగలేదు. ఏం చెబుతున్నారో నాకు తెలియదు, ఆ భాష నాకు ఎవరూ నేర్పలేదు. చెప్పవలసింది చాలా ఉందని మాత్రం అర్థమైంది.

లైట్లు వేశారు. జనం లేస్తున్నారు. కుర్చీలు చప్పుడవుతున్నాయి. హిమజ ఆయన భుజం మీద మెల్లగా చెయ్యి వేసి, “తాతగారూ, సినిమా అయిపోయిందండీ. వెళదామా?” అంది.

“ఉండమ్మా” అన్నారు సోమనాథంగారు, వేలు ఆపకుండానే. “మా శివుడికి చెప్పాల్సినవి ఇంకా రెండు ముక్కలు మిగిలాయి.”